అప్‌డేట్: గొంతు మంట సంగతి తేలింది

మూత్ర పరీక్షలో ఏమీ లేదన్నా గొంతు మంట ఎందుకు తగ్గడం లేదని గత నెల అడిగాను కదా. తెలిసినవాళ్లు చూస్తారేమోనని బెదురుతూనే తిరుపతిలో సుఖవ్యాధులకు వైద్యం చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మ మొదట అడిగింది ముఖరతి (నోటితో చేసే సెక్స్) గురించే. ముందు చూసిన డాక్టరు అడగలేదు. నేనూ చెప్పలేదు, సగం తప్పు నాదే. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీశారు. తేలింది గనోరియా, మన పెద్దలు సెగవ్యాధి అనే సుఖవ్యాధి. గొంతులో మాత్రమే ఉంటే మూత్రంలో కనబడదట. చాలామందికి లక్షణాలే ఉండవట! సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చారు. నేను పుక్కిలించిన ఉప్పునీళ్లన్నీ వృథా. గొంతులో ఇది మొండిది కాబట్టి 2 వారాలకు మళ్లీ పరీక్షించారు: నెగెటివ్. హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా లేవు. నా భాగస్వామికి ఫోను చేసి చెప్పడమే ఇంజెక్షన్ కన్నా నొప్పి. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత చిత్తూరులో తనూ వైద్యం చేయించుకుంది.