వాల్బోర్గ్ ఔలీన్ సంగీతం రాయడం మానేసింది తమ్ముడి వల్లేనా?

స్వరలేఖ
స్వీడన్ కంపోజర్, పియానిస్టు వాల్బోర్గ్ ఔలీన్ గురించి కచేరీలో పంచే ఏ ప్రోగ్రాం నోట్ (పరిచయ పత్రం) తీసినా మొదటి మాట "వయొలినిస్టు తోర్ ఔలీన్ అక్క" అనే ఉంటుంది. 1860లో యేవ్లెలో పుట్టి, 1877 నుంచి 1882 దాకా స్టాక్‌హోమ్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) చదివింది. పియానో నేర్పింది ప్రసిద్ధ పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్ శిష్యురాలు హిల్డా తేగర్‌స్ట్రోమ్. రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు (రెండు వయొలిన్లు, వియోలా, చెల్లో కలిసి వాయించే రచనలు), ఎఫ్ మైనర్ శ్రుతిలో పెద్ద పియానో సొనాటా, పారిస్ దృశ్యాల మీద ఆర్కెస్ట్రాకి ఒక సూట్ (చిన్న రచనల వరస) రాసింది. ఇంత చేసిన మనిషి 1903లో రాజధాని వదిలి ఎరెబ్రూ వెళ్ళి, పాఠాలు చెప్పుకుంటూ 1928లో అక్కడే పోయింది. మర్రిచెట్టు కింద మరో మొక్క ఎదగదంటారు. ఆ మర్రి తమ్ముడే అంటాను.

రమణ_చెల్లో
తేదీలు చూడండి. తోర్ పుట్టింది 1866లో. ఈమె మొదటి క్వార్టెట్, ఎఫ్ మేజర్‌ది, 1884లో రాసింది. అప్పటికి ఈమెకు 24, అతనికి 18 కూడా సరిగ్గా నిండలేదు, బెర్లిన్‌లో చదువు మొదలుపెడుతున్న కుర్రాడు. ఔలీన్ క్వార్టెట్ అన్న అతని వాద్యబృందం 1887లో గానీ పుట్టలేదు. మర్రి అంటున్నారే, అది అప్పటికింకా మొలకే.

స్వరలేఖ
నేను 1884 గురించి మాట్లాడటం లేదు రమణగారూ. ఎందుకు మానేసింది అని అడుగుతున్నాను.

రమణ_చెల్లో
మానేసిన సంగతికి కూడా తేదీ కావాలి కదా. రెండో క్వార్టెట్, 'ఈ మైనర్' శ్రుతిది, ఓపస్ (రచన సంఖ్య) 17, రాసింది 1889లో. అంటే తమ్ముడి బృందం మొదలైన రెండేళ్ళకి. నీడ పడి ఉంటే ఆ ఏడు ఆవిడ క్వార్టెట్ జోలికే పోకూడదు.

మేఘన
పెళ్ళయ్యాక మానేసిందేమో? ఆ కాలంలో మామూలే కదా.

రమణ_చెల్లో
ఆవిడకు పెళ్ళి కాలేదు. మీరు అమండా మాయర్ అనుకుంటున్నట్టున్నారు. 1880లో యూలియుస్ రోంట్‌గెన్‌ని చేసుకున్న వయొలినిస్టు ఆమె.

సుబ్బారావు_స్కోర్లు
ఇద్దరూ అక్కాతమ్ముళ్ళ దగ్గరే ఆగిపోయారు. ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. పియానో సొనాటాకి ఒక కాపీ చాలు, వాయించే మనిషి ఒకరు చాలు, ఆ మనిషి ఆవిడే. క్వార్టెట్‌కి నాలుగు పార్టులు (ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిన కాగితాలు), నలుగురు స్నేహితులు. ఆర్కెస్ట్రాకి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. స్ట్రింగ్స్‌లో ఇద్దరికి ఒక స్టాండు చొప్పున మొదటి వయొలిన్లకి 5, రెండో వయొలిన్లకి 4, వియోలాలకి 3, చెల్లోలకి 3, బేసులకి 2, మొత్తం 17 పార్టులు. ఫ్లూట్ లాంటి వుడ్‌విండ్స్ 8, హార్నులు 4, ట్రంపెట్లు 2, ట్రాంబోన్లు 3, టింపనీ 1, ఇవి 18. అంటే ఓ మోస్తరు ఆర్కెస్ట్రాకి 35 పార్టులు చేత్తో రాయించాలి. బారు అంటే మన ఆవర్తం లాంటి తాళం కొలత. రెండో హార్న్ పార్టులో "23 బార్లు విరామం" అని ఉండాల్సిన చోట కాపీ రాసేవాడు 22 అని వేశాడనుకోండి, ఆ హార్న్ ఒక బారు ముందే లేస్తుంది. మొత్తం రిహార్సల్ ఆగుతుంది. ఎక్కడ తప్పిందో వెతికి దిద్దుకోవడానికి ఇంకో రిహార్సల్ కావాలి. అచ్చుకాని రచనకి ఆ రెండో రిహార్సల్ ఎవరిస్తారు? కండక్టరో, ఆర్కెస్ట్రాలో పలుకుబడి ఉన్న మనిషో మీ తరఫున అడగాలి.

స్వరలేఖ
నేను చెప్తున్నదే మీరు లెక్కలతో చెప్పారు సుబ్బారావుగారూ! తోర్ 1889 నుంచి 1902 దాకా రాయల్ ఒపేరా ఆర్కెస్ట్రాకి లీడర్ (మొదటి వయొలిన్ల పెద్ద). 1902లో స్టాక్‌హోమ్ కాన్సర్ట్ సొసైటీకి కండక్టర్. ఆ మరుసటేడే అక్క ఊరు వదిలింది.

రమణ_చెల్లో
పక్కపక్కన ఉన్న రెండు సంవత్సరాలు సాక్ష్యమైపోవు. 1902, 1903. వాటి మధ్య ఏం జరిగిందో మీ దగ్గర ఒక్క ఉత్తరమన్నా ఉందా?

స్వరలేఖ
ఉత్తరం దొరికేదాకా నోరు మూసుకోమంటారా? ప్రతి థ్రెడ్‌లో ఇదే. ఎవరైనా ఆడ కంపోజర్ పేరెత్తితే చాలు, మొదట రుజువులు అడుగుతారు. తమ్ముడి క్వార్టెట్ స్వీడన్ కంపోజర్ స్టెన్‌హమ్మర్ రచనలు ఊరూరా మోసుకెళ్ళింది కదా, అక్కడ మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

రమణ_చెల్లో
అనని మాట నా నోట్లో పెట్టకండి. ఆవిడ బాధితురాలు అని పోస్టరేసి కచేరీ చేస్తే జనం వచ్చేది కథ కోసం. సొనాటా ఎలా ఉందో ఎవరూ వినరు. ఇంకొకటి. "పాఠాలు చెప్పుకుంటూ" అన్నారు, అందులో చిన్నచూపు ఉంది. తేగర్‌స్ట్రోమ్ కూడా టీచరే. ఆమె చెప్పకపోతే వాల్బోర్గ్ ఎక్కడ? ఎరెబ్రూలో పాతికేళ్ళు పిల్లల చేత వాయించడం ఓటమని ఎవరు తేల్చారు?

సుబ్బారావు_స్కోర్లు
అసలు గొడవ ఇదన్నమాట. తోర్ సంగతి పైపైదే.

స్వరలేఖ
సరే, ఇది తేల్చుకుందాం. టీచర్ పని చిన్నదని నేననలేదు. ఈవిడ 1885 నుంచి 1887 దాకా గాయని జెన్నీ లిండ్ పేరిట ఇచ్చే స్కాలర్‌షిప్ మీద బయటి దేశాల్లో ఉంది. కోపెన్‌హాగన్‌లో గాడే, పారిస్‌లో మాస్నే, గొదార్, గిరో అనే కంపోజర్ల దగ్గర నేర్చుకుంది. అంత సాధన చేసిన చెయ్యి 40 దాటాక సంగీతం రాయకపోతే నష్టం నష్టమే. ఆవిడ సంతోషంగా ఉందా లేదా అన్నది వేరే సంగతి. మూడో క్వార్టెట్ లేదు. నా బాధంతా అదే.

రమణ_చెల్లో
నాకున్న రెండూ చాలు. వాయించకుండా మూడోదాని కోసం ఏడవడం నాకు రాదు.

మేఘన
మరి వాయించాలంటే పార్టులు ఎక్కడ?

సుబ్బారావు_స్కోర్లు
స్వీడిష్ రాయల్ మ్యూజిక్ అకాడమీ వాళ్ళకి "లెవాండే మూసీకార్వ్" అని ఒక ప్రాజెక్టు ఉంది. పాత స్వీడిష్ రచనలు కొత్తగా ఎడిట్ చేసి ఉచితంగా పెడతారు. అందులో ఈవిడ పేజీ ఉంది, మీకు కావలసిన రచన కొత్త ఎడిషన్ వచ్చిందో లేదో ముందు అక్కడ చూడండి. ఎక్కడైనా పాత చేతిరాత స్కానే దొరికితే నేరుగా స్టాండు మీద పెట్టకండి. ముందు స్కోరులో (అన్ని వాయిద్యాలూ కలిపి రాసిన ప్రతిలో) పది బార్లకొకసారి నంబర్లు వేయండి. తర్వాత నాలుగు పార్టుల్లోనూ మొత్తం బార్లు లెక్కపెట్టండి. నాలుగూ ఒకే అంకె రాకపోతే తప్పు ఎక్కువగా పొడుగాటి విరామాల్లోనో, రిపీట్ గుర్తు దగ్గరో ఉంటుంది. మొదటి వయొలిన్ పార్టు ఏ4 మీద తీస్తే పేజీ తిప్పే చోటు వాయించే మధ్యలో పడుతుంది. పెద్ద కాగితం మీద రెండు పేజీలు పక్కపక్కన తీయండి.

రమణ_చెల్లో
'ఈ మైనర్' క్వార్టెట్ దొరికితే చెల్లో నేను చూసుకుంటాను. స్వరలేఖగారూ, ప్రోగ్రాం నోట్ మీరే రాయండి. మొదటి వాక్యంలో తోర్ వద్దు.

స్వరలేఖ
మొదటి వాక్యం మారుస్తాను. 1903 వాక్యం మాత్రం తీయను.