చాక్లెట్ "టెంపరింగ్" తెలుగులో ఏమనాలి? తాలింపు కాదు సరే, పాకమా, పదునా?

తర్జుమా:
గ్వాటెమాలాలోని ఆంటిగ్వా, మెక్సికోలోని వహాకా ఊళ్లు చూడబోయే తెలుగువాళ్ల కోసం, అక్కడి చాక్లెట్ వర్క్‌షాపుల్లో చేతికిచ్చే పద్ధతి కాగితాన్ని తెలుగు చేస్తున్నాం. తరగతి రెండు గంటలు. గింజలు వేయించడం, పొట్టు తీయడం, రాతి మీద నూరడం, మాయా నాగరికత పద్ధతిలో ఒక పానీయం, మధ్యలో కాస్త చరిత్ర, చివర అచ్చుల్లో పోయడం.

చిక్కంతా "టెంపరింగ్" దగ్గర, అంటే కరిగిన చాక్లెట్ మెరుస్తూ గట్టిపడేలా దాని వేడిని దించి లేపే పని. అనువాద యంత్రం "చాక్లెట్‌కు తాలింపు వేయండి" అంది. ఆవాలూ ఎండుమిర్చీ ఎక్కడని ఎవరైనా అడగకముందే దిద్దాలి. మా చిత్తుప్రతిలో "పాకం పట్టండి" అని రాశాం. నిబ్స్ (పొట్టు తీసిన గింజ ముక్కలు), మెటాటే (నూరే రాయి), సీడింగ్ (కరిగినదానిలో చాక్లెట్ తరుగు కలపడం), బ్లూమ్ (చాక్లెట్ మీద తేలే తెలుపు) అనే మాటలకూ తెలుగు కావాలి. "చాక్లెట్ అంటే నావాట్ల్ భాషలో చేదునీళ్లు" అనే వాక్యం ఉంచవచ్చా అన్నదీ చెప్పండి (నావాట్ల్ మెక్సికోలోని ఆజ్టెక్‌ల భాష).

మిఠాయి బల్ల:
పాకం వద్దండి. పాకంలో జరిగేది నీరు ఇగరడం. మంట మీద ఉన్నకొద్దీ లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని ఒకే దిక్కుకు పోతుంది. చాక్లెట్‌లో నీరే ఉండదు. పైగా ఇక్కడ వేడి పైకి, కిందికి, మళ్లీ కాస్త పైకి నడవాలి. నల్ల చాక్లెట్‌ను 45–50 డిగ్రీల దాకా కరిగించాలి, 27–28కి దించాలి, తిరిగి 31–32కి తెచ్చి అచ్చులో పోయాలి.

ఎందుకంటే కోకో కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మనకు కావలసింది అయిదో రకం. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరుగుతుంది. 27–28కి దించినప్పుడు నాలుగో రకమూ అయిదో రకమూ కలిసి పుడతాయి. 31–32కి లేపితే నాలుగోది కరిగిపోయి అయిదోది మిగులుతుంది. ఆ చివరి నాలుగు డిగ్రీలు ఎందుకో చెప్పకపోతే చదివేవాళ్లు ఆ మెట్టు ఎగరగొట్టేస్తారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. "పాకం" అని చదివిన తెలుగువాడు అలవాటు కొద్దీ చుక్క తీసి నీళ్లలో వేసి చూస్తాడు. ఆ తడి చెంచా మళ్లీ గిన్నెలో పెట్టాడా, అంతే సంగతులు. 100 గ్రాముల కరిగిన చాక్లెట్ ముద్దకట్టి ఇసుకలా అవడానికి అర చెంచా నీరు చాలు.

పదజాలం:
"పదును" ఉండగా వేరే మాట వెతకడమెందుకు? కమ్మరి ఉక్కుకు ఇచ్చేది పదును. కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ కాస్త కాస్తాడు. పైన చెప్పిన పైకి, కిందికి, పైకి నడక అదే కదా. వాన వెలిసి, అరక దిగబడకుండా మట్టి విరిగే స్థితికి నేల వస్తే "పదునుకు వచ్చింది" అంటాం. అదనూ పదనూ చూసి విత్తాలన్న జంటమాటలో అదను కాలానికి, పదను స్థితికి. ఒక పదార్థం పనికి సరిగ్గా ఒదిగే స్థితి అన్నదే ఈ మాట అసలు అర్థం. కత్తి అంచు అందులో ఒక ముక్క మాత్రమే.

వరంగల్ వాసి:
మాట మంచిదే గానీ, "చాక్లెట్‌కు పదును పెట్టండి" అంటే ఇప్పటోళ్లకు కత్తి నూరుడే యాదికొస్తది. భూమి పదునుకొచ్చుడు మా దిక్కు రైతులకు ఎరుకే. కానీ ఈ కాగితం పట్టుకొని విమానమెక్కేటోళ్లలో ఎంతమంది నాగలి పట్టినోళ్లున్నరు?

పదజాలం:
చిక్కు పదునులో లేదండి, వెనక తగిలించిన క్రియలో ఉంది. "పదును పెట్టు" అంటే అంచు తీయడం. "పదునుకు వచ్చు", "పదునుకు తెచ్చు", "పదును తప్పు" అన్నప్పుడు ఎవరికీ కత్తి గుర్తుకురాదు. కాబట్టి కాగితమంతటా "పెట్టు" అన్న క్రియ రాకుండా చూడండి. "చాక్లెట్‌ను పదునుకు తెండి", "పదునుకు వచ్చిందో లేదో చూడండి", "35 దాటితే పదును తప్పుతుంది". ఈ మూడు వాక్యాలతో పని జరిగిపోతుంది. మొదటిసారి వచ్చినచోట "టెంపరింగ్, అంటే పదునుకు తేవడం" అని ఒక్కసారి రాస్తే చాలు.

మిఠాయి బల్ల:
నేనూ ఒప్పుకుంటున్నాను. పాకం మీద ఇంకో అభ్యంతరం కూడా దీంతో తీరిపోతుంది. పాకం ముదిరితే నీళ్లు పోసి మళ్లీ మొదలుపెట్టాలి. పదును తప్పిన చాక్లెట్ పాడైనట్టు కాదు, తిరిగి 45కి కరిగించి మొదటినుంచీ చేసుకోవచ్చు, అందులో తడి పడనంతవరకు.

పరీక్ష ఇలా రాయండి: కత్తి మొనకో కాగితం ముక్కకో పలుచగా పూసి, 20 డిగ్రీల గదిలో వదిలితే 3–5 నిమిషాల్లో గట్టిపడి మెరవాలి. అయిదు నిమిషాలైనా వేలికి అంటుకుంటుంటే పదును రాలేదు. చారలుగా ఆరితే గిన్నెలో ఒకచోట వేడి, ఒకచోట చలి అన్నమాట, ఇంకా కలపాలి. అచ్చు నుంచి ఊడకపోవడమూ పదును లోపమే. పదునుకు వచ్చిన చాక్లెట్ ఆరేటప్పుడు కాస్త కుంచించుకుని తానే అచ్చును వదులుతుంది.

ఇక సీడింగ్. దానికి మన వంటింట్లోనే మాట ఉంది: తోడు. 500 గ్రాముల చాక్లెట్‌లో 375 గ్రాములు కరిగించి, వేడి 34–35కి దిగాక, సన్నగా తరిగిన మిగతా 125 గ్రాములు కొద్దికొద్దిగా వేసి కలుపుతూ 31–32కి దించాలి. ఆ తరుగు ముందే పదునులో ఉన్నది కాబట్టి తన స్ఫటికాలను మిగతాదానికి అంటిస్తుంది. సలసల కాగే పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకోదు. 45 డిగ్రీల చాక్లెట్‌లో తరుగంతా ఒక్కసారి వేసినా అంతే, స్ఫటికాలు కరిగిపోతాయి.

తర్జుమా:
తోడులో ఉండేది బతికున్న సూక్ష్మజీవి, ఇది స్ఫటికం. శాస్త్రం తెలిసినవాళ్లు తప్పుపట్టరా?

మిఠాయి బల్ల:
పాలకు తోడు పెట్టినవాళ్లు ఆ జీవిని చూసి పెట్టలేదు కదండీ. కొంచెం పడి మొత్తాన్ని తన దారికి తెచ్చేది తోడు.

కొబ్బరితోట (ఏలూరు వైపు):
నిబ్స్‌ని "పలుకులు" అనండి. జీడిపప్పు పలుకులు అన్నప్పుడు ఏ పలుకో ఇదీ ఆ పలుకే. పొట్టు తీయడం అని ఊరుకోకుండా "చెరగండి" అని కూడా రాయండి. వేయించిన గింజల్ని వేళ్లతో నలిపి, పళ్లెంలో ఎగరేసి ఊదడమే కదా అక్కడ చేయించేది. 250 గ్రాముల గింజలు మట్టి పెనం మీద మధ్యస్థం మంటన, ఆపకుండా కలుపుతూ 15–20 నిమిషాలు. పొట్టు చిటపటమని విడుస్తుంది. చెరిగాక చేతికొచ్చే పలుకులు 190–200 గ్రాములు. వేడి ఉండగానే పొట్టు తీయాలి, చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. పొగ వాసన వచ్చిందంటే మాడినట్టే, ఎంత చక్కెర పోసినా ఆ చేదు పోదు.

చెట్టుకీ కాయకీ గింజకీ "కోకో" అనే ఉంచండి. గోదావరి జిల్లాల్లో కొబ్బరిలో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేసే రైతులందరూ అనేది అదే. చరిత్ర భాగంలో మాత్రం "కకావ్" రావాలి. గ్వాటెమాలాలోని రియో అసూల్‌లో దొరికిన మాయా కూజా మీద ఆ మాటే మాయా అక్షరాల్లో రాసి ఉంది. "కోకో" అన్నది ఇంగ్లీషులో కొబ్బరి పేరుతో కలగలిసి పుట్టిన రూపం. మన దగ్గర ఆ రెండు చెట్లూ నిజంగానే ఒకే తోటలో ఉంటాయి, అది వేరే తమాషా.

ఇంకొకటి. కాగితంలో "గింజలు పులియబెట్టాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తరగతికి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది గానీ, చాక్లెట్ రుచికి పునాది అక్కడే పడుతుంది. గుజ్జుతో సహా చెక్కపెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి, 5–7 రోజులు ఉంచుతారు. మధ్యలో తిరగేస్తారు. లోపల వేడి 45–50 డిగ్రీలకు చేరి మొలక చస్తుంది. పులియని గింజ కోస్తే లోపల ఊదాగా, పలకలా ఉంటుంది, నోట్లో వగరు. బాగా పులిసింది గోధుమరంగులో పగుళ్లు పట్టి ఉంటుంది. పెనం మీద వేసేముందు ఒక గింజ కోసి చూడమని రాయండి.

వరంగల్ వాసి:
మెటాటేకు "సన్నికల్లు" సరిపోదా?

పదజాలం:
సరిపోతుంది, చిన్న తేడా చెప్పాలి. సన్నికల్లు నేల మీద బల్లపరుపుగా కూర్చుంటుంది. మెటాటే అగ్నిపర్వతపు రాయి, మూడు కాళ్లుంటాయి, నూరేవాళ్ల వైపు నుంచి అవతలికి కాస్త వాలు. కాళ్లుండటం వల్ల కింద నిప్పులు పెట్టే వీలుంది. పలుకుల్లో సగానికి పైగా కొవ్వే. రాయి వెచ్చగా ఉంటే పొడి ముద్దై, ముద్ద జారుడై పారుతుంది. చల్లని రాతి మీద ఎంత నూరినా పొడిగానే ఉంటుంది, చేతులు మాత్రం నొప్పెడతాయి. కాబట్టి "కాళ్ల సన్నికల్లు" అందాం.

పైరాయిని స్పానిష్‌లో "చెయ్యి" అంటారు, మనకు పొత్రం. నావాట్ల్‌లో దాని పేరు మెట్లపిల్లి: మెట్లట్ల్ అంటే నూరేరాయి, పిల్లి అంటే బిడ్డ. తమిళంలో అమ్మి మీది రాయిని కుళవి అంటారు, ఆ మాటకు పసిబిడ్డ అనే అర్థమూ ఉంది. ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. రాయి ఒడిలో రాయిని చూసిన ఇద్దరికీ ఒకటే తోచింది.

మిఠాయి బల్ల:
రాతి నూరుడు గురించి ఒక నిజం కాగితంలో ఉండాలి. సన్నికల్లు మీద మీరు నూరినదీ చివర అచ్చులో పోసేదీ చాలా తరగతుల్లో ఒకటి కాదు. నాలుకకు ఇసుక తగలకుండా ఉండాలంటే రేణువు 20–30 మైక్రాన్లకు దిగాలి, చేత్తో నూరితే అది రాదు. అందుకే ముందే మరలో నూరి ఉంచిన చాక్లెట్ ఇస్తారు. మోసమేమీ లేదు, రెండు గంటల్లో అంతే కుదురుతుంది. ఆ మర ఏమిటంటారా, చిన్న చాక్లెట్ తయారీదార్లు ప్రపంచమంతటా వాడుతున్నది మన దోసెపిండి గ్రైండరే, చాక్లెట్‌కు తగ్గట్టు మార్చినది. 24 గంటలకు తక్కువ కాకుండా తిరుగుతుంది. ఇంట్లో పిండి రుబ్బే గ్రైండర్‌లో అదే ప్రయత్నం చేస్తే మోటారు కాలిపోవచ్చు. రాళ్ల సందుల్లోని తడి ఆరకపోతే చాక్లెట్టూ పోతుంది.

వహాకాలో సంగతి వేరు. అక్కడి చాక్లెట్ తాగడానికి. కకావ్, చక్కెర, దాల్చినచెక్క, ఒక్కోసారి బాదం వేసి మరలో ఆడించి, బిళ్లలు చేస్తారు. చక్కెర కరకరలాడుతూ ఉండటమే దాని తీరు. పదునుకు తేవడమనే మెట్టు దానికి లేదు. కాబట్టి వహాకా కాగితంలో ఆ పేరా తీసేయండి.

పదజాలం:
"చేదునీళ్లు" వాక్యం తీసేయండి. షొకొలాట్ల్ అనే ఆ రూపం 16వ శతాబ్దపు నావాట్ల్ రాతల్లో కనబడదు. ఆ పానీయానికి వాళ్ల పాత మాట కకవాట్ల్, అంటే కకావ్ నీళ్లు. కొన్ని నావాట్ల్ మాండలికాల్లో చికొలాట్ల్ అనే రూపం ఉంది. దాన్ని నురగ చిలికే పుల్ల పేరుతో ముడిపెట్టే వాదన ఒకటుంది. అది నిజమైతే చాక్లెట్ అంటే దాదాపు "కవ్వపు నీళ్లు". ఊహ అని చెప్పి రాయండి. అక్కడ రెండు అరచేతుల మధ్య తిప్పించే చెక్క మొలినిల్యోకి మాత్రం అనుమానం లేకుండా "కవ్వం" అనండి, తాడు లేదన్న ఒక్క మాట చేర్చి. ఆ కవ్వం రాకముందు అక్కడివాళ్లు నురగ తెప్పించింది ఎత్తు నుంచి పోసి. కాఫీ తిరగబోసే మనకు అది చెప్పనక్కర్లేదు.

వరంగల్ వాసి:
బ్లూమ్ మిగిలింది. "పూత" బాగుంటది కదా? మామిడి పూత, గోడకు పూత, రెండు అర్థాలూ కలుస్తయి.

మిఠాయి బల్ల:
చూడటానికి బాగుంది కానీ "చక్కెర పూత" అనగానే మాత్రలకు పూసే చక్కెర గుర్తొస్తుంది. గోడకు ఉప్పు తేలినట్టు చాక్లెట్‌కు కొవ్వు తేలుతుంది, లేదా చక్కెర తేలుతుంది. "తేలడం" చాలు. రెంటినీ విడదీసే పద్ధతి కూడా రాయండి. వేలితో రుద్దితే కరిగి పోయేది కొవ్వు, పదును తప్పడం వల్లో ఎండలో సంచిలో పెట్టడం వల్లో వస్తుంది. గరుకుగా తగిలి, తడివేలికి కరిగేది చక్కెర, తేమ వల్ల వస్తుంది. తరగతిలో అచ్చుల్ని ఫ్రిజ్‌లో పెడతారు. బయటికి తీయగానే మంచు పట్టి, ఆరాక చక్కెర తేలుతుంది. గదివేడికి వచ్చేదాకా పొట్లం విప్పవద్దనండి. ఆంటిగ్వా, వహాకా రెండూ దాదాపు 1500 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊళ్లు, అక్కడ నిలిచిన పదును మే నెల విజయవాడలో నిలవదు.

రెండు తెలుపులూ బూజు కావు, తినవచ్చు.

తర్జుమా:
దిద్దిన వాక్యం: "నల్ల చాక్లెట్‌ను 45–50 డిగ్రీలకు కరిగించి, తోడు వేసి కలుపుతూ 27–28కి దించి, 31–32 దగ్గర పదునుకు తెండి. తడి చెంచా తగలనివ్వకండి."

మిఠాయి బల్ల:
రెండు పద్ధతులు కలిపేశారు. తోడు వేస్తే 27 దాకా దించనక్కర్లేదు, నేరుగా 31–32 దగ్గర ఆగాలి. 27–28 మెట్టు చలువరాతి మీద పోసి చేసే పద్ధతికి. మీ తరగతిలో చలువరాయి ఉందో గిన్నే ఉందో కనుక్కుని ఒకటే ఉంచండి. పాల చాక్లెట్ ఇస్తే ఆఖరి అంకె 29–30.