మీసోస్ఫియర్ ఓజోన్ కొలవడానికి డీటీహెచ్ డిష్, ఎల్ఎన్‌బీ సరిపోతాయా?

శేషాద్రి_రేడియో (ప్రశ్న)
మాది తిరుపతి. 90 కిలోమీటర్ల ఎత్తున రాత్రిపూట పెరిగే ఓజోన్‌ని, అది 11.072454 గిగాహెర్ట్జ్ దగ్గర వదిలే సన్నటి రేడియో సిగ్నల్ (గీత) ద్వారా పట్టాలని ఉంది. 60 సెంటీమీటర్ల డిష్, యూనివర్సల్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించేది), ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కి గుచ్చే రేడియో డాంగిల్), 20 మీటర్ల కేబుల్ ఉన్నాయి. ఎల్ఎన్‌బీ ఆసిలేటర్ 9.75 గిగాహెర్ట్జ్, అది తీసేస్తే గీత 1322.454 మెగాహెర్ట్జ్ దగ్గర రావాలి. ఇదే ఓజోన్‌ని కొలిచే ఎమ్ఐటీ హేస్టాక్ అబ్జర్వేటరీ వాళ్ల మొజాయిక్ పరికరాల్లాగే, డిష్‌ని దిగంతానికి 8 డిగ్రీల ఎత్తులో, ఉత్తరానికి పెడదామనుకుంటున్నాను. డిష్ చిన్నదవుతుందా? 8 బిట్ల డాంగిల్ చాలుతుందా? ఏ ఎత్తులో ఓజోన్ ఎంతుందో చెప్పే ప్రొఫైల్ వస్తుందా?

గీతల_గోల
డిష్ సైజు గురించి దిగులు వద్దండి. ఓజోన్ బీమ్ (డిష్ చూసే ఆకాశపు ముక్క) మొత్తాన్నీ నింపేస్తుంది కాబట్టి పెద్ద డిష్ పెట్టినా సిగ్నల్ పెరగదు. 60 సెంటీమీటర్లకి బీమ్ సుమారు 3 డిగ్రీలు. నేల వేడి లోపలికి రాకుండా ఉండటానికే ఆ సైజు కావాలి.

8 బిట్లు చాలు, వచ్చేదంతా నాయిసే కదా. సిగ్నల్ పెంపుని తనంతట మార్చే ఆటోమేటిక్ గెయిన్ మాత్రం తప్పనిసరిగా ఆపేయండి. ట్యూనింగ్ సరిగ్గా గీత మీద పెట్టొద్దు, బ్యాండ్ మధ్యలో డాంగిల్ తనే పుట్టించే డీసీ ముల్లు ఓజోన్‌లాగే కనిపిస్తుంది. 1322.0, 1322.9 మెగాహెర్ట్జ్ మధ్య కొన్ని సెకన్లకోసారి మారుస్తూ ఒకదాన్లోంచి ఇంకోటి తీసేయండి. సెకనుకి 2.4 మెగాశాంపిళ్లకి 512 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) వేస్తే చానెల్ 4.7 కిలోహెర్ట్జ్. 200 కెల్విన్ల దగ్గర అణువుల కదలిక వల్ల గీతకి వచ్చే డాప్లర్ వెడల్పే 16 కిలోహెర్ట్జ్ కాబట్టి అంతకన్నా సన్నగా అక్కర్లేదు.

అసలు కావాల్సింది ఓపిక. సిస్టమ్ టెంపరేచర్ (రిసీవర్, ఆకాశం కలిపిన నాయిస్ కొలత) 100 కెల్విన్లు అనుకుంటే, 10 కిలోహెర్ట్జ్‌కి 8 గంటల రాత్రి కలిపినా, పైన చెప్పిన ఫ్రీక్వెన్సీ మార్పిడి నష్టంతో నాయిస్ 8 మిల్లీకెల్విన్లు. గీత కూడా మిల్లీకెల్విన్లలోనే ఉంటుంది. పది రాత్రులు కలిపితే 2.6కి దిగుతుంది. రాత్రి సగటులోంచి పగటి సగటు తీసేస్తే బేస్‌లైన్ (పరికరం వల్ల స్పెక్ట్రమ్‌లో వచ్చే వంకర) చాలావరకు పోతుంది, ఎందుకంటే ఆ ఎత్తులో పగలు ఓజోన్ బాగా తక్కువ.

ప్రొఫైల్ ఆశ పెట్టుకోవద్దు. 50 కిలోమీటర్ల దగ్గర గాలి ఒత్తిడికి గీత మెగాహెర్ట్జ్‌ల వెడల్పుంటుంది, మీ బ్యాండ్‌లో అది చదునుగా పడి బేస్‌లైన్‌తో పాటే పోతుంది. 20 నుంచి 70 కిలోమీటర్ల దాకా కావాలంటే 110.836 లేదా 142.175 గిగాహెర్ట్జ్ గీతలు పట్టాలి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గ్రోమోస్ అనే ఓజోన్ పరికరం 1994 నుంచి ఈ రెండోదాని మీదే నడుస్తోంది. వాటికి 77 కెల్విన్ల లిక్విడ్ నైట్రోజన్ కాలిబ్రేషన్ కావాలి. పైగా మన వానాకాలపు తేమ అక్కడ సిగ్నల్‌ని బాగా తినేస్తుంది.

పీఎల్ఎల్_పక్షం
ఎక్కువగా చెడేది ఎల్ఎన్‌బీ దగ్గరే. పాత డీఆర్ఓ రకమైతే (ఆసిలేటర్‌కి క్రిస్టల్ ఆధారం లేనిది) ఎండకీ చలికీ వందల కిలోహెర్ట్జ్ జారుతుంది, 16 కిలోహెర్ట్జ్ గీత సగటులో అలుక్కుపోతుంది. ఆసిలేటర్‌ని క్రిస్టల్‌కి కట్టే పీఎల్ఎల్ రకమే కొనండి. అందులోనూ క్రిస్టల్ 1 పీపీఎమ్ (పది లక్షల్లో ఒక వంతు) తప్పితే 9.75 కిలోహెర్ట్జ్ తేడా. జీపీఎస్ క్లాక్‌కి కట్టిన ఏడీఎఫ్5355 (ఫ్రీక్వెన్సీ పుట్టించే చిప్) బోర్డుతో 11.0718 గిగాహెర్ట్జ్ దగ్గర బలహీనమైన టోన్ పది నిమిషాలకోసారి పది సెకన్లు వదలండి. దాన్ని బట్టి ప్రతి స్పెక్ట్రమ్‌నీ జరిపాకే కలపండి. టోన్ ఉన్న స్పెక్ట్రాలు సగటులోకి రాకూడదు.

డాంగిల్ ఇచ్చే 4.5 వోల్టులు ఎల్ఎన్‌బీకి చాలవు. విడిగా 13 వోల్టులు బయాస్ టీతో (కేబుల్లోకి కరెంటు ఎక్కించే భాగం) ఇవ్వండి, ఆ కరెంటు డాంగిల్‌లోకి పోకుండా అటువైపు డీసీ బ్లాక్ తప్పదు. ఎల్ఎన్‌బీకి 22 కిలోహెర్ట్జ్ టోన్ వెళ్లకూడదు, వెళ్తే అది హై బ్యాండ్‌కి (వేరే ఆసిలేటర్‌కి) మారిపోతుంది. 20 మీటర్ల కేబుల్లో ప్రతిబింబాల వల్ల 6 మెగాహెర్ట్జ్‌కోసారి అల వస్తుంది. డాంగిల్ ముందు 6 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించేది) పెడితే తగ్గుతుంది.

గీతల_గోల
ఉత్తర దిశ సరైనదే, భూస్థిర (జియోస్టేషనరీ) ఉపగ్రహాలన్నీ వెనకవైపు పడతాయి. దాటిపోయే ఇంటర్నెట్ ఉపగ్రహాల కోసం మాత్రం మొత్తం పవర్ ఎగిరిన స్పెక్ట్రాలు పారేయండి.

కానీ తిరుపతి పట్నంలో ఉత్తరాన శేషాచలం కొండ ఉందిగా! బీమ్‌లో కొండ పడితే 300 కెల్విన్లు చూస్తున్నట్టే. మీ మేడ మీంచి క్లైనోమీటర్‌తో (వాలు కోణం కొలిచేది) కొండ అంచు కొలిచి, దానికి కనీసం 4 డిగ్రీలు పైన పెట్టండి. 8 డిగ్రీల్లో 90 కిలోమీటర్ల పొర గుండా దారి నిట్టనిలువు దారికి 4.6 రెట్లు, చూసేది సుమారు 490 కిలోమీటర్ల అవతల, అంటే వరంగల్ పైనున్న గాలి. 15 డిగ్రీలకి లేపితే 3.3 రెట్లే, చూసేది పల్నాడు పైన. గీత ముప్పై శాతం చిన్నదవుతుంది, అదే స్పష్టతకి రెట్టింపు రాత్రులు పడతాయి. ఊరికి దక్షిణంగా, కొండకి దూరంగా మేడ దొరికితే అక్కడికి మార్చడమే మేలు.