బ్యాక్‌స్పేస్‌ను ‘చెరుపు’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో, పీణ్యా వైపు కంట్రోలర్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్‌లో పనిచేస్తాను. హిందూపురం, మదనపల్లె నుంచి డిప్లొమా పిల్లలు మా దగ్గరికి ట్రైనింగ్‌కి వస్తుంటారు. వాళ్ల కోసం సీరియల్ టెర్మినల్ (కేబుల్ మీదుగా బోర్డుతో అక్షరాల్లో మాట్లాడే తెర) గురించి తెలుగులో నోట్సు రాస్తున్నాను. బ్యాక్‌స్పేస్ దగ్గర ఆగిపోయాను.

మొన్న ఒక అమ్మాయి ఎస్‌పీ రోడ్డులో కొన్న యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ను బోర్డుకు తగిలించి, 115200 స్పీడు పెట్టి, టెర్మినల్ ప్రోగ్రామ్ మినీకామ్ తెరిచింది. కమాండ్లు కొట్టే షెల్‌లో అంతా బాగానే ఉంది. పాస్‌వర్డ్ అడిగిన చోట ఒక అక్షరం తప్పు కొట్టింది, బ్యాక్‌స్పేస్‌తో తీసేసి సరిగ్గా కొట్టింది. పాస్‌వర్డ్ తప్పు అని బోర్డు అంది. మూడోసారీ అంతే. ‘సార్, చెరిపేశాను కదా!’ అంటూ టెన్షన్ పడిపోయింది. అది చెరగలేదు. ఆమె మీట 8 అనే కోడ్ పంపుతోంది, అవతల బోర్డులోని లినక్స్ 127 వస్తేనే అక్షరం తీస్తుంది. దాంతో 8 కూడా ఒక అక్షరమై పాస్‌వర్డ్‌లో కలిసిపోయింది. పాస్‌వర్డ్ తెర మీద కనబడదు కాబట్టి తెలిసే దారి లేదు. కొట్టింది తెర మీద కనబడేలా క్యాట్ అనే కమాండ్ నడిపి అదే మీట నొక్కించాను. టోపీ లాంటి గుర్తు, పక్కనే హెచ్ పడ్డాయి, అంటే వెళ్తున్నది 8.

నా పాత నోట్సులో ఈ రెండు కోడ్‌లకూ ‘చెరుపు’ అనే ఉంది. రెండు వేరు మాటలు కావాలి. సలహా చెప్పండి.

జవాబు: చెరుపు వద్దండీ. ‘చెరపకురా చెడేవు’ అని వింటూ పెరిగాం. ఆ మాటలో కీడు ఉంది. ‘తుడుపు’ బాగుంటుంది, పలక తుడవని తెలుగువాడు ఉండడు.

నా జవాబు: సామెతలో ఉన్నది కీడే, ఒప్పుకుంటానండీ. కానీ ‘నుదుటి రాత చెరపలేం’ అన్నప్పుడు కీడు లేదు, రాత పోవడమే. తుడుపుతో నా ఇబ్బంది వేరు. పలక తుడిస్తే అక్కడ ఏమీ మిగలదు. 127 పుట్టింది అలా కాదు.

టెలిటైపు (తీగ మీద సందేశాలు పంపే టైపు యంత్రం) రోజుల్లో అక్షరాలు కాగితం పట్టీ మీద రంధ్రాలుగా పడేవి. పడిన రంధ్రాన్ని పూడ్చలేరు. అందుకని పట్టీని ఒక వరుస వెనక్కి జరిపి, తప్పు పడిన చోటే ఏడు రంధ్రాలూ కొట్టేసేవారు. రంధ్రాన్ని ఒకటిగా లెక్కపెడితే ఏడు ఒకట్లు, అంటే 127. చదివే యంత్రం ఆ వరుసను లెక్కలోకి తీసుకోదు. మన దస్తావేజుల్లో తప్పు మాట మీద అడ్డంగా గీత కొడతారు చూడండి, అచ్చం అదే. మాట అక్కడే ఉంటుంది, చెల్లదు. దానికి మనకు ‘కొట్టివేత’ ఉండనే ఉంది. మీటా కొడతాం, రంధ్రమూ కొడతాం, తప్పునూ కొట్టేస్తాం. ఇంతకంటే అమరిన మాట నాకు దొరకలేదు.

8 సంగతి వేరు. అది కర్సర్‌ను ఒక గడి వెనక్కి జరుపుతుంది, అంతే. టైపు మిషన్ మీద అక్షరం కింద గీత కావాలంటే ఇలాగే వెనక్కి జరిపి గీత కొట్టేవారు. దీన్ని ‘వెనకడుగు’ అందామా?

జవాబు: అన్నా, వెనకడుగు అంటే జంకడం కదా! నా పక్క సీటు కన్నడ అమ్మాయిని అడిగితే ‘అళిసు’ అంది, అదీ చెరపడమే. ఉత్త ‘వెనక్కి’ చాలదా? బస్సు రివర్స్ చేయించేటప్పుడు క్లీనర్ ‘వెనక్కి, వెనక్కి, రానీ’ అంటాడు.

నా జవాబు: చాలా బాగుంది తమ్ముడూ. అదే పెడతాను.

జవాబు: మరి డిలీట్ అని రాసున్న మీట పంపేది 127 కాదా?

నా జవాబు: పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారండీ. మామూలుగా అది నాలుగు అక్షరాల వరుస పంపుతుంది: ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, 3, టిల్డ. దానికి తెలుగు పేరు పెట్టి పిల్లల్ని తికమక పెట్టను, డిలీట్ అనే ఉంచుతాను.

రీమ్యాపింగ్‌కి ‘మీటల మార్పిడి’ అని ఇంతకుముందు ఎవరో సూచించారు. మీటలు ఎక్కడివక్కడే ఉంటాయి, మారేది అవి పంపే కోడ్. వీణను మీటితే పలుకుతుంది, ‘మీట’ కూడా ఆ మీటడం నుంచి వచ్చిందే. కాబట్టి ‘మీట పలుకు మార్చడం’ అని రాశాను. ఇప్పుడు నోట్సు ఇలా ఉంది:

‘మినీకామ్‌లో కంట్రోల్-ఏ నొక్కి వదిలి, టీ నొక్కు. వచ్చిన మెనూలో బీ నొక్కితే బ్యాక్‌స్పేస్ పలుకు వెనక్కి (8) నుంచి కొట్టివేత (127)కు మారుతుంది. పాత పరికరం వెనక్కినే అడుగుతుంటే, మినీకామ్ లాంటిదే అయిన పికోకామ్‌కు ఓమ్యాప్ ఆప్షన్‌లో డెల్‌బీఎస్ అని ఇవ్వు, 127ను 8గా మార్చి పంపుతుంది. బోర్డు వైపే సర్దాలంటే, టెర్మినల్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌లో ఇరేజ్ అని రాసి, పక్కన నీ మీట పలికే కోడ్ ఇవ్వు.’

ఆ అమ్మాయి దీన్ని చదివి, ఎవరినీ అడగకుండా తనే బీ నొక్కి సరిచేసుకుంది. కాగితం పట్టీ గురించి రాసిన చోట ‘వరుస’ అన్న మాట దగ్గర మాత్రం పట్టీకి నిలువా అడ్డమా అని అడిగింది. దానికి మంచి మాట ఉంటే చెప్పండి.