నెబ్యులా ప్రింట్లలో రంగులు మార్చడం మోసమా?

కొండాపూర్ నుంచి ఒకరు:
మాదాపూర్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్ చూశాం. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన కరీనా నెబ్యులా (నక్షత్రాల మధ్య వాయువు, ధూళి మేఘం) చిత్రం ఆధారంగా చేశారట. ఆకారం దాదాపు చెరిగిపోయి నారింజ, ఊదా పొరలు మాత్రమే మిగిలాయి. ధర 14,000. మా ఆవిడకు తెగ నచ్చింది. మా బావమరిది మాత్రం "ఆకాశంలో ఆ రంగులే లేవు, కంప్యూటర్లో పూసినవి, డబ్బు దండగ" అంటున్నాడు. లేని రంగుల్ని అంతరిక్షం పేరుతో అమ్మడం సబబేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

టెలిస్కోపు మాస్టారు:
మీ బావమరిది మాట నిజం. సెలవుల్లో పిల్లల్ని సిటీ లైట్లకు దూరంగా వికారాబాద్ వైపు తీసుకెళ్లి ఆకాశం చూపిస్తుంటాను. ఓరియన్ నెబ్యులా టెలిస్కోపులో బూడిద రంగు పొగలా కనబడుతుంది, మహా అయితే కాస్త పచ్చటి ఛాయ. "ఇంతేనా సార్?" అని మొహం వేలాడేస్తారు. అప్పటికే వాళ్ల కళ్లకు గులాబీలు, ఊదాలు అలవాటు చేసేశాం మరి. 1901లో నిజామియా అబ్జర్వేటరీ అనే నక్షత్ర పరిశీలనశాల పెట్టిన ఊరండీ మన హైదరాబాదు. అక్కడ ఏళ్ల తరబడి ఫొటో ప్లేట్ల మీద ఒక్కో నక్షత్రం స్థానాన్ని కొలిచి కేటలాగు తయారుచేశారు. ఆ ఓపిక చూసిన కళ్లతో ఈ అలంకారాల్ని మెచ్చుకోలేను.

ప్రింట్‌మేకర్, మాసాబ్‌ట్యాంక్:
మాస్టారూ, పిల్లల నిరాశ నాకు అర్థమవుతుంది. కానీ మసక వెలుతురులో మన కంటికే రంగులు సరిగా తెలియవు. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగునిస్తుంది. ఎక్స్‌పోజర్ పెంచితే కెమెరాకు ఆ ఎరుపు చిక్కుతుంది. కంటికి అందలేదు కాబట్టి అది లేనట్టా?

1995లో హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రం, ఈగిల్ నెబ్యులాలో స్తంభాల్లా నిలబడ్డ మేఘాలనే చూడండి. సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి సల్ఫర్, హైడ్రోజన్ రెండూ ఎరుపే. అలాగే వదిలేస్తే ఏది ఎక్కడుందో విడదీయలేం. వెబ్ అయితే ఎక్కువగా చూసేదే మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్. 2022 జులైలో విడుదలైన ఆ కరీనా చిత్రంలో మొత్తం మీద పొట్టి తరంగాలకు నీలం వైపు, పొడుగు తరంగాలకు ఎరుపు వైపు రంగులు కేటాయించారు. అంటే రంగు పెట్టింది మనుషులే, కానీ ఒక పద్ధతిలో.

ఆర్టిస్టు ఆ పద్ధతిని వదిలేయొచ్చు. వదిలేశానని చెప్పాలి. డేటా ఏ టెలిస్కోపుది, రంగులు ఎవరివి అని ప్రింట్ వెనక రెండు లైన్లు రాస్తే చాలు. అది రాయకపోతే మాత్రం మోసమే అంటాను.

ఇంకో సంగతి. స్క్రీన్ మీద వెలిగే నీలాన్ని కాటన్ పేపర్ మీదికి దించితే మొదటి ప్రూఫ్‌లోనే (పరీక్షగా తీసే ప్రింట్) అది చల్లబడి బూడిద తిరుగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు కదా. పక్కన నలుపు పెంచి, అంచులో పసుపు కాస్త తగ్గించి, మళ్లీ ప్రూఫ్ తీసి, కిటికీ దగ్గర ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూసుకుంటాం. ఏమీ మార్చని ప్రింట్ అంటూ ఉండదండి.

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నా, నాసా ఫొటోలు చాలావరకు ఫ్రీగానే దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి, ఫిల్టర్ కొట్టి, ఫ్రేమ్ కట్టి 14,000 అంటే ఎలా?

ప్రింట్‌మేకర్, మాసాబ్‌ట్యాంక్:
అంతే చేసి ఉంటే కొనొద్దు తమ్ముడూ. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు పారిస్‌లో ఏం చేశారో తెలుసుకో. ఒకే లోహపు పలకను రకరకాల లోతుల్లో చెక్కి, ఒక్కో ఇంకులో నూనె పాళ్లు మార్చి, మెత్తటి రోలర్‌తో లోతుల్లోకి, గట్టి రోలర్‌తో పైపైన వేర్వేరు రంగులు పట్టించే పద్ధతికి ఆయన ప్రాణం పోశారు. ప్రెస్‌లో ఒక్కసారి తిప్పితే రంగులన్నీ వచ్చేస్తాయి. విలువ ఆ చేతిపనిది. డిజిటల్ ప్రింట్‌కైనా కొన్ని అడగాలి: ఎన్ని కాపీలు తీశారు, ఇంకు పిగ్మెంటా (సన్నటి పొడి రంగు), డైయా (కరిగిపోయే రంగు), కాగితంలో యాసిడ్ లేదు కదా. డై ఇంకు సాధారణంగా తొందరగా వెలిసిపోతుంది. ఏ ఇంకైనా మన ఎండ నేరుగా పడే గోడకు తగిలించకండి.

టెలిస్కోపు మాస్టారు:
రెండు లైన్ల మాట ఒప్పుకుంటాను, కానీ వెనక కాదు, ముందువైపే రాయండి. నేనింత పట్టుబట్టడానికి కారణముంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని స్పెక్ట్రోస్కోపుతో (వెలుగును రంగుల గీతలుగా విడదీసే పరికరం) చూశాడు. ఆ ఏడాది సూర్యుడి అంచుల వెలుగులో కనబడిన పసుపు గీత, సోడియం గీతలు ఉండే చోట సరిగ్గా లేదని తర్వాత తేలింది. ఆ కాస్త తేడా నుంచే హీలియం అనే కొత్త మూలకం బయటపడింది. మాకు రంగు అంటే సాక్ష్యం. దాన్ని అందం కోసం అటూ ఇటూ జరిపితే నాకు ప్రాణం ఒప్పదు.

ప్రింట్‌మేకర్, మాసాబ్‌ట్యాంక్:
నాకు రంగు సాక్ష్యమూ అవుతుంది, రాగమూ అవుతుంది మాస్టారూ. ఇక్కడ మనిద్దరికీ కుదరదు. కానీ ముందువైపే రాయాలన్నది న్యాయం. నా తర్వాతి ఎడిషన్ నుంచి అలాగే రాస్తాను.

కొండాపూర్ నుంచి ఒకరు:
ఇవన్నీ ఫోన్ చేసి అడిగాం. 30 కాపీలు, పిగ్మెంట్ ఇంకు అని వెంటనే చెప్పారు. రంగులు ఎవరు ఎంచుకున్నారంటే మాత్రం ఆర్టిస్టుని కనుక్కుని చెప్తామన్నారు. అది రాసిచ్చాకే అడ్వాన్స్ ఇస్తాం.