రాయితీపై వచ్చిన డ్రిప్పు రెండో పంటకే మూలకు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (నర్సంపేట నుంచి):
మా రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున మిర్చి, పత్తి రైతులతో డ్రిప్పు పెట్టించే పని చూస్తున్నాను. రాయితీ ఉన్నందువల్ల దరఖాస్తులకు కొదవ లేదు. కానీ రెండో పంట నాటికి లేటరల్ పైపులు (సాళ్ల వెంట పరిచే సన్న పైపులు) చుట్టలు చుట్టుకొని పశువుల కొట్టం మీదికి చేరుతున్నాయి, రైతు మళ్లీ కాలువలు తీసి నీళ్లు పారిస్తున్నాడు. వ్యవసాయానికి 2004 నుంచి కరెంటు ఉచితంగా అందుతున్నందున, నీళ్లు ఆదా అవుతాయని ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టడం లేదు. రైతుకు ఏ మాట చెబితే నిలుస్తుంది?

జవాబు 1 (మిర్చి రైతు, పరకాల):
నీళ్ల లెక్క పక్కన పెట్టి కూలి లెక్క చెప్పండి. సాలు సాలుకూ నీళ్లు మళ్లించే మనిషి అక్కర లేదు, సాళ్ల నడుమ నేల పొడిగా ఉండడంతో కలుపు తగ్గుతుంది, యూరియా, తెల్ల పొటాష్ నీటిలో కరిగించి వెంచురీ (ఎరువు నీటిని పైపులోకి పీల్చే పరికరం) ద్వారా కొద్దికొద్దిగా వేరుకే పంపవచ్చు. డీఏపీ మాత్రం సరిగా కరగదు కనుక పైపుల్లోకి పంపకూడదు. కలుపు తీసే రోజుల్లో కైకిలి మనుషులు దొరకక పడే పాట్లు అందరికీ తెలిసినవే కాబట్టి ఈ లెక్క వెంటనే బుర్రకెక్కుతుంది.

జవాబు 2 (డ్రిప్పు బిగించే పనివాడిని, హనుమకొండ):
పైవారి మాట నిజమే కానీ, తోట చివర మొక్కలు ఎండిపోతే ఏ లెక్కా నిలవదు. చాలాచోట్ల అసలు లోపం బోరు నీటిని కొలవకుండానే పైపులు పరవడంలో ఉంది. లేటరల్ పైపుల మధ్య 1.2 మీటర్లు, చుక్కల మధ్య 40 సెంటీమీటర్ల దూరంతో, గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు పెడితే ఎకరమంతా ఒకేసారి తడపడానికి గంటకు సుమారు 33 వేల లీటర్లు కావాలి. 200 లీటర్ల డ్రమ్ము 72 సెకన్లలో నిండే బోరు గంటకు 10 వేల లీటర్లే ఇస్తుంది, అంటే ఎకరాన్ని నాలుగు భాగాలు చేసి వాల్వులు పెట్టి వంతులవారీగా తడపాలి. మన రాతినేలల్లో ఎండాకాలం బోర్లు ఇంకా తగ్గుతాయి కనుక ఆ కొలత ఎండల్లోనే తీయాలి.

ఇక ఫిల్టరు. దానికి ముందు, వెనుక ప్రెషర్ గేజీలు రెండూ ఉండాలి. వాటి ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో దాటితే జాలీ విప్పి కడగాలి. లేటరల్ చివరి మూతలు తీసి మురికినీరు వదలడం రైతుకు పొలంలోనే చేసి చూపించాలి. ఉప్పు పేరుకుంటే ఆమ్లంతో శుభ్రం చేయాలి, దానికి మాత్రం తెలిసినవారిని పిలవడమే క్షేమం.

జవాబు 3 (వర్ధన్నపేట నుంచి):
కౌలు రైతుల సంగతి కూడా చూడండి. దరఖాస్తుకు పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు, కాబట్టి సెట్టు యజమాని పేరున వస్తుంది. వచ్చే ఏడాది ఆ చెలకలో ఉంటాడో లేడో తెలియని మనిషి ఫిల్టరు ఎందుకు కడుగుతాడు? కనీసం మూడేళ్ల కౌలు కాగితం రాయించి ఇస్తే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఈసారి దరఖాస్తు రాయించే ముందే ప్రతి బోరు దగ్గరా డ్రమ్ము పెట్టి కొలుస్తాము. వర్ధన్నపేట వారు చెప్పిన కౌలు కాగితం గురించి యజమానులతో మాట్లాడాలి. మీ ఊళ్లో ఎవరైనా అలా రాసుకొని ఉంటే, షరతులు ఎలా పెట్టుకున్నారో దయచేసి తెలుపగలరు.