లైవ్ 8 కలయిక గురించి రిచర్డ్ రైట్ ఎక్కడైనా మాట్లాడారా?

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ చరిత్ర బాగా తెలిసినవారి సాయం కావాలి. 1985లో బేస్ గిటారిస్టు రోజర్ వాటర్స్ బయటికి వెళ్లడం, బృందం పేరు కోసం కోర్టుకెక్కడం, 1987 చివర్లో రాజీ, ఇవన్నీ చదివాను. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో, పేదరికానికి వ్యతిరేకంగా జరిగిన లైవ్ 8 కచేరీ వేదికపై బృందంలోని నలుగురూ మళ్లీ కలవడానికి దాని నిర్వాహకుడు బాబ్ గెల్డాఫ్ ఎంత పట్టుపట్టారో, గిటారిస్టు డేవిడ్ గిల్మర్ మొదట కాదంటే వాటర్సే స్వయంగా ఎలా ఫోన్ చేశారో కూడా తెలుసు.

కానీ ఈ కథను అందరూ ఆ ఇద్దరి వైపు నుంచే చెబుతారు. నాకు కావలసింది కీబోర్డు వాయించిన రైట్ మాట. 'ద వాల్' ఆల్బమ్ తయారవుతున్నప్పుడు ఆయన్ను బృందం నుంచి తప్పించాలని పట్టుబట్టింది వాటర్సే. ఆ ఆల్బమ్ కచేరీల్లో ఆయన జీతానికి వాయించారు, తను కట్టిన ఇంట్లోనే అద్దెకున్నట్టు! అంత అవమానం పడిన మనిషి 24 ఏళ్ల తర్వాత అదే వ్యక్తితో ఒకే వేదిక ఎలా ఎక్కగలిగారు? వాటర్స్ ఆయనకు ఎప్పుడైనా క్షమాపణ చెప్పారా?

2008లో కన్నుమూసేలోపు రైట్ ఆ రిహార్సల్స్ గురించి ఇచ్చిన ఇంటర్వ్యూ ఏదైనా మీకు గుర్తుందా? పత్రికైనా రేడియో అయినా సరే. ఏ సంవత్సరమో, ఏ సంచికో చెబితే చాలు, నేను వెతుక్కుంటాను.